పదకొండు పది నుంచి నిశ్చింత

బస్సు డిపో, షెడ్యూలు సెక్షన్
సోమవారం

తమ్ముడు డాక్టరుకి,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాశానేమిటని ఆశ్చర్యపోకు. అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి తీర్పు చెప్పేశారు. తోడల్లుళ్ళు ఇకమీదట ఫోన్లో మాట్లాడుకోకూడదు, ఏమున్నా కాగితం మీదే. పోయినసారి కొండ మీదికి వెళ్ళినప్పుడు మొదటి రోజే మనమిద్దరం హోటల్ కౌంటరు దగ్గర మాటా మాటా అనుకున్నామని, అప్పటి నుంచి ఆరేళ్ళుగా వాళ్ళు కలిసి ఎక్కడికీ వెళ్ళలేకపోయారని కోపం. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమట. కాగితమైతే చింపేయొచ్చని మీ వదిన ఉద్దేశం.

సంగతికొస్తాను. ముప్ఫయ్యో తారీఖు నా ఉద్యోగానికి ఆఖరి రోజు. ఒకటో తారీఖున విమానం. పద్నాలుగు గంటల ప్రయాణం. మీ కవలలు రెండేళ్ళుగా కలవరిస్తున్న ఆ రైడ్ల పార్కు పక్కనే హోటల్. దిగిన రోజు పార్కులో అడుగు పెట్టకూడదనీ, ఆ రోజంతా హాయిగా విశ్రాంతి తీసుకోవాలనీ మీ వదిన పట్టుబట్టింది. ఆ రోజు ప్లాను వేసే బాధ్యత నాకొచ్చింది. వచ్చిందంటే, నేనే తీసుకున్నాను. రెండొందల నలభై బస్సులకి, ఆరొందల మంది డ్రైవర్లకి ముప్ఫై ఒక్క ఏళ్ళు చార్టు వేసిన చేయి ఇది. ఆరుగురికి ఒక్క రోజు వేయడం ఎంతసేపు?

పూర్తి చార్టు జత చేశాను. మచ్చుకి కొన్ని పంక్తులు:

9.25 – హోటల్ గది తలుపు తీయుట.
9.25 నుంచి 9.40 – "అబ్బా, వచ్చేశాం" అనుకొనుట (అందరూ).
9.40 నుంచి 11.04 – స్నానాలు, తలకి పద్నాలుగు నిమిషాలు.
11.10 నుంచి 11.35 – నిశ్చింత.
2.00 నుంచి 2.20 – కిటికీలోంచి ఊరికే చూచుట.
4.15 నుంచి 4.30 – సరదా కబుర్లు (పిల్లలు).
4.30 నుంచి 4.45 – సరదా కబుర్లు (పెద్దలు).

మొత్తం ముప్ఫై ఏడు పంక్తులు. హడావుడి ఎక్కడా లేకుండా చూశాను. చదివి సంతకం పెట్టి పంపించు.

క్షేమమేనని వేరే రాయక్కర్లేదు. డిపోలోనే ఉన్నాను.
అన్నయ్య


ఆసుపత్రి, డాక్టర్ల గది
గురువారం

అన్నయ్య గారికి,

మీ చార్టు అందింది. రెండు ఆపరేషన్ల మధ్య చదివాను. అంత వివరంగా వేసినందుకు ముందుగా నా నమస్కారం. స్నానానికి పద్నాలుగు నిమిషాలు నాకు సరిపోతాయి. మీ మరదలికి సరిపోతాయని చెప్పే ధైర్యం నాకు లేదు, ఆ పంక్తి మీరే ఆవిడకి వివరించాలి. పదకొండూ పదికి నిశ్చింత మొదలవుతుందని తెలిసి మనసు కుదుటపడింది. ఒకవేళ పదకొండూ ముప్ఫై అయిదు తర్వాత కూడా ఎవరికైనా నిశ్చింత మిగిలిపోతే ఏం చేయాలో రాయలేదు.

అన్నయ్య గారూ, ఒక మాట. మీరు ఉత్తరంలో రాయని సంగతొకటి మీ మరదలు నాకు చెప్పింది. ఆ దిగిన రోజు విశ్రాంతి కోసం కాదు, మీకు పరీక్ష కోసమట. ఒక్కరోజు, ఒకే ఒక్క రోజు, మీరు చార్టు లేకుండా వదిన పక్కన ఊరికే కూర్చోగలిగితే రిటైరయ్యాక ఆవిడ మీతో ఇంట్లో ఉంటారు. లేకపోతే వచ్చి మా ఇంట్లో ఉంటారు. రోజంతా ఇంట్లో విజిలు మోత తాను పడలేనని అన్నారట.

వదిన మా ఇంటికి రావడం మాకు మహాభాగ్యం. కానీ వారం తిరక్కుండా ఆవిడ వెనకే మీరూ వస్తారు. మీ వెనకే చార్టు వస్తుంది. మా ఇంట్లో ఒకటే బాత్‌రూమ్.

అందుకని నా ప్లాను జతచేస్తున్నాను. అది తెల్ల కాగితం. పొరపాటున పెట్టింది కాదు, అదే ప్లాను. మా వృత్తిలో మనిషిని పడుకోబెట్టేటప్పుడు అంకెలు లెక్కపెట్టమంటాం. ఇంతవరకూ ఎవరూ ఎనిమిది దాటలేదు. మీ హెర్నియా ఆపరేషన్ రోజు నేనే మత్తిచ్చాను, గుర్తుందా? మీరు ఏడు దాకా లెక్కపెట్టి, కళ్ళు మూతపడుతుంటే, "ఈ బల్ల మీద తర్వాతి కేసు ఎన్నింటికి?" అని అడిగారు. నర్సులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

దయచేసి తెల్ల కాగితం మీద సంతకం పెట్టండి.

తమ్ముడు


బస్సు డిపో, షెడ్యూలు సెక్షన్
శనివారం

తమ్ముడికి,

నీ తెల్ల కాగితం మా సెక్షన్లో అందరికీ చూపించాను. మా దగ్గర చార్టు తెల్లగా ఉందంటే ఒకటే అర్థం, ఆ రోజు సమ్మె.

పెళ్ళాం పెట్టిన షరతు నీకు తెలిసిపోయింది కాబట్టి ఇక దాచేదేముంది. ఇంట్లో నేనేదో కొరడా పట్టుకుని తిరుగుతున్నట్టు అక్కచెల్లెళ్ళు చెప్పుకుంటున్నారు. విజిలు నేను ఊదింది ఒక్కసారే, అదీ గ్యాస్ స్టవ్ కట్టేయడం మర్చిపోతే.

నీకు తెలియనిది చెప్తాను విను. డ్రైవరుకి ఇంత డ్యూటీ చేశాక ఇంత విశ్రాంతి అని రూలుంది. ఆ విశ్రాంతిని చార్టులో రాయాలి. రాయకపోతే అది విశ్రాంతి కాదు, గైరుహాజరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డ్రైవరు విశ్రాంతి గదిలో నాలుగు గంటలు పడుకుని లేచాడు. రాసి లేదని ఆ నాలుగు గంటలకీ మెమో ఇచ్చారు. రాసి లేని నిద్ర నిద్ర కాదని ఆ రోజే నాకు అర్థమైంది. మత్తిచ్చి పడుకోబెట్టేవాడివి, నీకేం తెలుస్తుంది నిద్ర విలువ?

పైగా నీ ఇంటికి రావాలని మేమెవరమూ తహతహలాడటం లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

సరే, గొడవెందుకు. కొత్త రూటు వేసినప్పుడు మేం ముందు ట్రయల్ రన్ వేస్తాం. ఖాళీ బస్సు, చేతిలో గడియారం, ప్రతి స్టాపులోనూ ఆగి చూసుకుంటాం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. ఈ ఆదివారం మా ఇంట్లోనే విశ్రాంతి దినానికి ట్రయల్ రన్. ప్రయాణంతో సహా. అది సాఫీగా జరిగితే నువ్వు నా చార్టు మీద సంతకం పెట్టాలి.

అన్నయ్య


ఆసుపత్రి, డాక్టర్ల గది
సోమవారం

అన్నయ్య గారికి,

మీ ఉత్తరం ఈ రోజే అందింది. అంటే ఆదివారం అయిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది నా పని. ట్రయల్ రన్ వద్దని రాద్దామనుకున్నాను.

నేను కూడా ఒక సంగతి దాచాను. ఇక దాచడం మంచిది కాదు. పది రోజుల కిందట వదిన మా ఇంటికొచ్చారు. చెల్లెల్ని చూడటానికి అనుకున్నాం. కాఫీ తాగి, మా ముందు గదిలోకి వెళ్ళి, సంచిలోంచి టేపు తీసి కిటికీకి తెర కొలతలు తీసుకున్నారు. పిల్లలు టేపు రెండో చివర పట్టుకున్నారు. "పెద్దమ్మా, ఎందుకు?" అని అడిగితే, "ఈ గదికి ఎండ ఎక్కువ పడుతుందే" అన్నారు. కోపంగా లేరు. కోపంగా ఉంటే నాకింత భయం ఉండేది కాదు. అద్దెకి ఇల్లు చూసుకునే మనిషి ఎంత నిదానంగా ఉంటుందో అంత నిదానంగా ఉన్నారు.

మీ ఆదివారం ఎలా గడిచిందో రాయండి.

తమ్ముడు


ఇంటి నుంచి, భోజనాల బల్ల దగ్గర
బుధవారం

తమ్ముడూ,

ట్రయల్ రన్ గురించి రాస్తాను. నవ్వుకుంటావు, నవ్వుకో.

హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేశాను, మోకాళ్ళు ముందు కుర్చీకి ఆనేటట్టు. పద్నాలుగు గంటలు ఎలాగూ కుదరదని నాలుగు గంటలకి కుదించాను. కింద వాటాలో ఉండే దర్జీని పాస్‌పోర్టు ఆఫీసరుగా నిలబెట్టాను. అతను మీ వదినని, "ఎందుకొచ్చారమ్మా?" అని అడిగాడు. "ఈయన్ని అడగండి" అంది. అతను నన్ను అడగలేదు, ముద్ర కొట్టి పంపించేశాడు.

తొమ్మిదీ ఇరవై అయిదుకి పడకగది తలుపు తీశాం. "అబ్బా, వచ్చేశాం" అనుకోవాల్సిన పదిహేను నిమిషాలూ ఆవిడ దుప్పటి మడతలు సరిచేసింది. స్నానాలు ఇద్దరివే కాబట్టి తొందరగా అయిపోయాయి. పదకొండూ పదికి నేను, "నిశ్చింత మొదలైంది" అన్నాను. ఆవిడ మంచం అంచున కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. పదకొండూ ముప్ఫై అయిదుకి, "అయిపోయింది, ఇక లేవొచ్చు" అన్నాను. లేచింది. కిటికీ దగ్గర ఇరవై నిమిషాలు నిలబడమన్నాను, నిలబడింది. ఒక్క పంక్తికి కూడా ఎదురు చెప్పలేదు తమ్ముడూ. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఏ డ్రైవరూ నా చార్టు ప్రకారం ఇంత కచ్చితంగా నడవలేదు.

పిల్లల కబుర్లు లేవు, మీ పంక్తులు లేవు. అందుకని చార్టు మూడున్నరకే అయిపోయింది. సాయంత్రం దాకా ఖాళీ. మీ వదిన, "ఇప్పుడేం చేయాలి?" అని అడిగింది. వెటకారంగా కాదు, మామూలుగానే. నేను కాగితం తిరగేశాను. వెనక ఏమీ లేదు. ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆసుపత్రిలో పక్క మంచం రోగిని చూస్తాం కదా, మనవాడు కాకపోయినా అయ్యో అనిపిస్తుంది, అలా చూసింది. నేను వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను.

నాకు భయమేసింది. పరీక్ష తప్పుతాననే కాదు. ఇంకో పన్నెండు రోజుల్లో ఆ బల్ల ఖాళీ చేసి పెన్సిళ్ళు ఇచ్చేసి వస్తాను. ఆ మర్నాటి నుంచి ప్రతి రోజూ మూడున్నరకే అయిపోతుందేమోనని.

చార్టు మీద సంతకం పెట్టొద్దు.

అన్నయ్య


ఇంటి నుంచి, పిల్లల గదిలో
శుక్రవారం

అన్నయ్యా,

మీ ఉత్తరం చదివి నవ్వలేదు. దర్జీ దగ్గర కొంచెం నవ్వాను, అంతే.

తెల్ల కాగితం పంపడం తేలిక. నేను ఆ రోజు ఎలా గడుపుతానో నేనూ చెప్పలేను. అయినా ఒక ఒప్పందానికి వద్దాం. ఆ రోజుకి మీ దగ్గర చార్టు ఉండదు, నా దగ్గరా ఉండదు. చేతులు మరీ దురద పెడితే హోటల్ కాగితం మీద నాకు ఉత్తరం రాసి తలుపు కింద నుంచి తోయండి. పక్క పక్క గదులే. ఉత్తరాలు రాసుకోవచ్చని వాళ్ళ తీర్పులోనే ఉంది కదా, వాళ్ళు కాదనలేరు.

ఇంకొక చిన్న సలహా. గడియారం మీ పెట్టెలో పెట్టి, పెట్టె మంచం కిందికి తోసేయండి.

తమ్ముడు


హోటల్, నాలుగో అంతస్తు
దిగిన రోజు

తమ్ముడూ,

గడియారం పెట్టెలో ఉంది. పెట్టె మంచం కింద ఉంది. మంచం మీద మీ వదిన నిద్రపోతోంది. నేను కుర్చీలో ఉన్నాను. ఇప్పటికి ఎంతసేపైందో తెలియదు. చాలాసేపే అయ్యుంటుంది, లేదా పది నిమిషాలు అయ్యుంటుంది.

స్నానం చేశాను. ఎన్ని నిమిషాలు పట్టిందో తెలియదు. దిండ్లు లెక్కపెట్టాను, ఏడు ఉన్నాయి. ఇద్దరికి ఏడు దిండ్లు ఎందుకు వేశారో అడుగుదామని ఫోన్ దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. అది నా సెక్షన్ కాదని నాకు నేను చెప్పుకున్నాను.

ఒక విషయం. నువ్వు ఇప్పటికి మూడుసార్లు మా తలుపు తట్టావు. మొదటిసారి సబ్బు ఉందా అన్నావు. రెండోసారి మంచినీళ్ళు ఉన్నాయా అన్నావు. మూడోసారి ఏమీ అడగకుండా నా భుజం మీద నుంచి తొంగి చూసి, "వదిన నిద్రపోతున్నారా? ఊపిరి మామూలుగానే తీస్తున్నారా?" అన్నావు. తెల్ల కాగితం పంపింది నువ్వేనా?

అన్నయ్య


పక్క గది
అదే రోజు

అన్నయ్యా,

దొరికిపోయాను.

నా దగ్గర చార్టు లేదు గానీ, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే చిన్న మిషను ఉంది. సాక్సులో దాచి తెచ్చాను. పిల్లలిద్దరి వేళ్ళకీ పెట్టి చూశాను, బాగానే ఉన్నారు. మీ మరదలి వేలికి పెట్టబోతే కళ్ళు తెరవకుండానే నా చేతి మీద ఒక్కటిచ్చింది. ఇరవై ఏళ్ళుగా నా ఎదురుగా ఎవరు నిద్రపోయినా ఆ నిద్ర నా బాధ్యత. వాళ్ళంతట వాళ్ళే నిద్రపోయి వాళ్ళంతట వాళ్ళే లేస్తారంటే నమ్మబుద్ధి కావడం లేదు. చిన్నది అటు తిరిగి పడుకుంటే కూడా లేచి చూస్తున్నాను.

మీకు నీతులు చెప్పాను. క్షమించండి.

ఇప్పుడే మీ గది వైపు వచ్చాను, నాలుగోసారి. తలుపు తీసి ఉంది, మీరు లేరు. వదిన లేచి కూర్చుని ఉన్నారు. "ఆయన ఎక్కడికి వెళ్ళారో తెలుసా?" అని అడిగారు. తెలియదన్నాను. ఆవిడ చెప్పులు వేసుకుని కిందికి వెళ్ళారు. నాకు చాలా ఆదుర్దాగా ఉంది. ఎక్కడున్నారు?

తమ్ముడు


హోటల్, నాలుగో అంతస్తు
అదే రోజు, దీపాలు వెలిగాక

తమ్ముడూ,

నేను ఎక్కడికీ పారిపోలేదు. అందరూ నిద్రపోతుంటే గాలి కోసం కిందికి దిగాను. హోటల్ గేటు ముందు, పార్కుకి వెళ్ళే బస్సులు ఆగే చోట ఒక బెంచీ ఉంది. దాని మీద కూర్చున్నాను. అంతే, కూర్చోవడానికే వెళ్ళాను.

ఆ బస్సులు చూశావా? ఘోరం. చాలాసేపు ఒక్కటీ రాదు. జనం చేరిపోతారు, పిల్లలు ఏడుస్తారు. అప్పుడు మూడు బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మొదటిదాంట్లో కాలు పెట్టే చోటుండదు, మూడోది ఖాళీగా పోతుంది. నా కళ్ళ ముందే రెండుసార్లు అలా జరిగింది. నా జేబులో హోటల్ పెన్సిలుంది. ఆ కంట్రోలరు గది ఎక్కడని అడిగితే చాలు, అరగంటలో సరిచేయగలను. లేచాను కూడా. మళ్ళీ కూర్చున్నాను. ఆ లేవడం, కూర్చోవడం ఎన్నిసార్లు చేశానో చెప్పను.

అప్పుడు మీ వదిన వచ్చింది. పరీక్ష తప్పానని నా మొహం చూస్తే తెలిసిపోయి ఉంటుంది. "బస్సుల దగ్గరికే వచ్చారా?" అంది. "ఊరికే చూస్తున్నాను, ఏమీ చేయలేదు" అన్నాను. పక్కన కూర్చుంది. చాలాసేపటికి మళ్ళీ మూడు బస్సులూ కలిసే వచ్చాయి. "అదేమిటి, ఇంతసేపూ లేకుండా మూడూ ఒక్కసారే వస్తాయి?" అని అడిగింది.

తమ్ముడూ, పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా పని గురించి ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. కాదు, అబద్ధం చెప్పకూడదు. కొత్తలో అడిగేది. నేనే, "నీకు అర్థం కాదులే" అనేవాణ్ణి.

చెప్పాను. మొదటి బస్సు ఎక్కడో రెండు నిమిషాలు ఆగుతుంది. ఆ రెండు నిమిషాల్లో తర్వాతి స్టాపులో ఇంకో పదిమంది చేరతారు. వాళ్ళందరూ ఎక్కేసరికి ఇంకాస్త ఆలస్యం. ఆ పై స్టాపులో ఇంకో ఇరవై మంది. వెనక బస్సుకేమో ఎక్కేవాళ్ళుండరు, అందుకని అది పరిగెత్తుకొచ్చి ముందుదాన్ని కలుసుకుంటుంది. ఆవిడ రెప్ప వేయకుండా విని నవ్వింది. "ఇన్నేళ్ళూ ఇంటికి చార్టు తెచ్చారు గానీ, ఒక్కరోజూ బస్సుని తేలేదు" అంది.

తర్వాత, "మరి ఆ మొదటి డ్రైవరుని అందరూ తిడతారు కదా, తప్పు అతనిదేనా?" అని అడిగింది. "కాదు, పాపం. ఎవరో ముసలాయన మెట్టు ఎక్కడానికి అవస్థ పడుతుంటే ఆగుంటాడు. అంతే. అక్కణ్ణుంచి ఎంత తొక్కినా వెళ్తున్న కొద్దీ ఆలస్యమే" అన్నాను. ఆవిడ నా చేయి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. బస్టాపులో, అందరి ముందు, ఈ వయసులో. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందని చెప్పాను, నమ్మలేదు.

చీకటి పడింది. పార్కులో దీపాలు వెలిగాయి. పిల్లలకి ఏం పెట్టావో, వాళ్ళు లేచారో లేదో అడగాలని కూడా మాకు తోచలేదు. పైకి వస్తూ మెట్ల దగ్గర ధైర్యం చేసి అడిగాను, చెల్లెలింటికి వెళ్ళే సంగతి ఏం చేశావని. "రేపు చూసి చెప్తాను. ఆ మూడో బస్సు డ్రైవరు ఖాళీ బస్సు నడుపుతూ ఏం ఆలోచిస్తాడో మీరింకా చెప్పలేదు" అంది.

అందుకని రేపు పిల్లల్ని తీసుకుని మీరిద్దరూ రైడ్లకి వెళ్ళండి. మేం ఆ బెంచీ మీద ఉంటాం. మా కోసం ఎక్కడా ఆగొద్దు. ఎన్నింటికి వస్తామో తెలియదు.

అన్నయ్య